బొడ్రాయి మీద ఒక చుక్క

నా పని సంచిలో ఎప్పుడూ ఐదు వస్తువులుంటయి. సుత్తె, భూతద్దం, చాకు, అయస్కాంతం, ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో నీళ్లు కలిపిన యాసిడ్. సీసా మూతికి సన్నటి ముక్కు ఉంటది, కండ్లల్లో వేసుకునే మందు సీసా లెక్క. మొదటి నాలుగు వస్తువులు చేతిలో పట్టుకొని ఊర్లో తిరగడానికి నాకు ఇప్పటికీ ఇబ్బంది లేదు. ఐదోదాన్ని మాత్రం ఊరి పొలిమేర దాటేదాక సంచి అడుగుకు తోసి, పైన తువ్వాల కప్పుత.

నేను భూగర్భ శాస్త్రం చదివిన. గండిపేట చుట్టుపక్కల కొత్త టవర్లు కట్టేటోళ్లు పునాది తీసే ముందు కింద బండ ఎంత లోతులో ఉన్నది, ఏ రకం, బరువు మోస్తదా లేదా అని పరీక్ష చేయిస్తరు. ఆ పరీక్షలు చేసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. వారమంతా అక్కడ కిరాయి రూములో ఉంట, ఆదివారం ఊరికి వస్త. మా ఊరు మొయినాబాద్ దాటినంక చేవెళ్ల పోయే తొవ్వలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే ఉంటది.

ఊరికి పడమట నల్లరేగడి, తూర్పున ఎర్ర చెల్క, మధ్యలో మా ఇండ్లు. చిన్నప్పుడు వాన పడ్డ రోజు బడికి వచ్చిన పిల్లల చెప్పులు చూస్తే చాలు, ఎవరు ఏ దిక్కు నుంచి వచ్చిండ్రో చెప్పొచ్చు. నల్లమన్ను చెప్పుకు అతుక్కొని వదలదు. ఎర్రది రెండుసార్లు కాలు దులిపితే రాలిపోతది. ఎందుకట్ల అని అడిగితే అందరు నేల గుణం అనేటోళ్లు. డిగ్రీలో చేరినంక తెలిసింది, అది కింద ఉన్న రాయి గుణమని.

ఎర్ర చెల్క కింద ఉన్నది గ్రానైట్. భూమి లోపల కరిగి ఉన్న ద్రవం పైకి రాలేక ఎక్కడో లోతుల్లో ఆగిపోయి, లెక్కకు అందనన్ని ఏండ్లు మెల్లగ చల్లారితే అయ్యే రాయి అది. మెల్లగ చల్లారింది కాబట్టి గింజ పెరగడానికి సమయం దొరికింది. గులాబి రంగు గింజలు, గాజు ముక్కల లెక్క ఉండే గింజలు, మధ్య మధ్యలో నల్లగ మెరిసే అబ్రకం రేకులు, ఏది ఏదో ఉత్త కంటికే కనిపిస్తది. పటికబెల్లం తయారయ్యేది కూడ అట్లనే, పాకాన్ని కదపకుండ వదిలేస్తేనే పలుకు పెద్దగైతది. నల్లరేగడి కింద ఉన్న బసాల్ట్ కథ వేరు. నేల చీలి బయటికి పారిన లావా అది. గాలి తగిలి తొందరగ గట్టిపడ్డది, గింజ పెరిగే సమయం దానికి లేకపోయింది. లోపల చిక్కిన బుడగలు మాత్రం జొన్నరొట్టె మీద పొక్కుల లెక్క ఉండిపోయినయి. ఏండ్లకేండ్లు నీరు ఊరి, ఆ పొక్కుల్లో తెల్లటి పలుకులు పెరిగినయి. చేవెళ్ల దిక్కు బావి తవ్విన మట్టి కుప్పల్లో అట్లాంటివి దొరుకుతయి. పగలగొడితే లోపల సన్నటి సూదులు గుండ్రంగ పేర్చినట్టు ఉంటయి. మొదటిసారి చూసిన రోజు అది ఎవరో చేసి పెట్టిన వస్తువు కాదని నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇక సున్నపురాయి మా దగ్గర పుట్టదు. తాండూరు దిక్కు నుంచి లారీల్లో వస్తది. ఎప్పటిదో సముద్రం అడుగున మెత్తటి సున్నపు బురద పొర మీద పొర పేరుకొని గట్టిపడితే ఆ బండ. మా పాత ఇండ్లన్నిటికీ కింద పరిచింది అదే. దాని మీద యాసిడ్ చుక్క వేస్తే బుస్సున నురుగు వస్తది. గ్రానైట్ మీద వేస్తే ఏమీ కాదు. మొదటి సంవత్సరం పిల్లలకు నేర్పే పరీక్ష ఇది.

ఈ ముచ్చట్లన్నీ నేను మొట్టమొదట చెప్పింది మా పెద్దమ్మకు. మా బాపుకు ఒక్కడే అన్న. ఆయన పెద్దబాపు, ఆయన భార్య పెద్దమ్మ. వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. వాళ్లకు పిల్లలు లేరు. నేను ఒక ఇంట్లో తింటే రెండో ఇంట్లో కూడ తినాలె, లేకపోతే ఆ పూట పంచాయితీ. పెద్దబాపు ఒకసారి సర్పంచ్‌గా చేసిండు, ఒకసారి ఓడిపోయిండు, ఓడినంక కూడ ఊరి పనులు వదలలేదు. పెద్దమ్మ ఊర్లో జరిగే ప్రతి పెండ్లిలో వంట దగ్గర ఉంటది. పెండ్లికూతురికి పసుపు పెట్టేటప్పుడు, తొట్టెలలో పిల్లను వేసేటప్పుడు, ఎవరూ ఏమీ అనకముందే ఏదో పని చెప్పుకొని పొయ్యి దిక్కు పోతది. నేను పెద్దగయ్యేదాక అది వంట మీద ఇష్టమనుకున్న.

నేను తెచ్చిన రాళ్లను ఆమె ఇంటి ముందు గోడ మీద వరుసగ పెట్టేది.

"రాయి కూడ పుడ్తదారా?" అని ఒకరోజు అడిగింది.

"పుడ్తది పెద్దమ్మ."

"మరి మన దగ్గర ఏది ముందు పుట్టింది?"

"ఎర్ర చెల్క రాయి. నల్లది శాన ఎనక వచ్చి దాని మీదికెళ్లి పారింది."

"అంటే అది పెద్ద కోడలు, ఇది చిన్న కోడలు."

గోడ అవతల నుంచి మా అమ్మ అందుకున్నది. "నేనెన్నడు నీ మీదికెళ్లి పారిన అక్కా? ఉన్నయి లేనియి పోరనికి చెప్పకు."

సున్నపురాయి సంగతి మాత్రం పెద్దమ్మ నమ్మలేదు. ఇక్కడ సముద్రమేందని నవ్వింది. అప్పుడు వంటింటి గడప దగ్గర బండ మీద ఒక చుక్క వేసి చూపించిన. నురుగు లేచింది. ఆమె కూర్చున్న చోటే వెనక్కి జరిగి, మళ్ల ముందుకు వంగి, చేతులు రెండూ చెంపల మీద పెట్టుకున్నది. తర్వాత పక్కింటోళ్లను పిలిచింది. వచ్చినోళ్లకల్లా నేను ఒక చుక్క వేసి చూపించాలె. "సూడుండ్రి, మావాడు సముద్రంతోని మాట్లాడిస్తుండు." ఏండ్లుగ నున్నగైన ఆ బండ మీద రూపాయి బిళ్లంత చోట నునుపు పోయి, తెల్లటి మచ్చ పడింది. నేను బాధపడితే ఆమె ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చిన చుట్టాలకు ఆ మచ్చను చూపించి నా చదువు గురించి చెప్పేది.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, తర్వాత నేను చేసిన పని కోపంతోనో తాగిన మత్తులోనో చేసింది కాదు. నాకు చాలాసార్లు మెచ్చుకోలు తెచ్చిన పని అది.

మా ఊరి బొడ్రాయి నాలుగు తొవ్వలు కలిసే చోట ఉంటది. ఊరికి బొడ్డు అది. దాన్ని నిలబెట్టినంకనే ఊరు ఊరైతదని మా నమ్మకం. సీసీ రోడ్డు ఒకసారి వేసిండ్రు, దాని మీద ఇంకోసారి వేసిండ్రు. రోడ్డు పెరిగింది, రాయి కిందికి పోయింది. చివరికి జానెడు కూడ పైకి కనిపించకుండ అయింది. మోటరు సైకిళ్లు పక్క నుంచి పోతుంటే బురద దాని మీదనే పడేది. దాన్ని తీసి, గద్దె కట్టి, మళ్ల ప్రతిష్ఠ చేయాలని పెద్దబాపు ఇల్లిల్లు తిరిగి అందరిని ఒప్పించిండు. కమిటీ అయింది. కమిటీకి పెద్ద మా ఊరందరు తాత అని పిలిచే ఒక ముసలాయన.

ప్రతిష్ఠకు ఒక జంట పీటల మీద కూసోవాలె. తాత కమిటీలో అందరి ముందు పెద్దబాపు పేరు చెప్పిండు. పెద్దమ్మకు ఆ మాట మా అమ్మ చెప్పింది. "నేనా?" అని ఒక్కటే మాట అన్నది పెద్దమ్మ. తెల్లారి అటక మీద నుంచి వాళ్ల పెండ్లినాటి టేకు పీటలు రెండూ దించి, కడిగి, నూనె రాసి, ఎండకు పెట్టింది. పసుపు రంగు చీర ఒకటి కొన్నది. ఆమె తనకోసం చీర రంగు చెప్పి మరీ కొనుక్కున్నది అదే మొదటిసారని మా అమ్మ అన్నది.

పాత రాయి బయటికి తీసేటప్పుడు పగిలితే ఎట్ల అని ఒక అనుమానం వచ్చింది. పగిలితే కొత్తది చెక్కించాలె. పాతది ఏ రాయో కొత్తది అదే రాయి కావాలె. కొందరు ఎర్ర చెల్క దిక్కున్న మన గుట్ట రాయే అన్నరు, కొందరు ఎక్కడినుంచో తెచ్చిన నల్లరాయి అన్నరు. ఏండ్ల తరబడి పూసిన పసుపు, కుంకుమ, నూనె కింద అసలు రాయి ఎట్లుంటదో చూసినోళ్లు ఎవరూ లేరు.

"మా పోరడు వస్తడు ఆదివారం. చూస్తె చెప్తడు," అన్నడట పెద్దబాపు.

ఆదివారం పొద్దున పోయిన. సగం ఊరు అక్కడనే ఉన్నది. పెద్దమ్మ ఎదురుగ ఉన్న కిరాణా దుకాణం మెట్ల మీద ఆడోళ్లతోని కూర్చున్నది. రాయి చుట్టు కొంచెం తవ్వి పెట్టిండ్రు.

"గోరంతనే గీకు బిడ్డ," అన్నడు తాత. "ఎక్కువ వద్దు."

దండం పెట్టి చాకు తీసిన. పైన ఎరుపు. దాని కింద పసుపు. దాని కింద నూనె నలుపు. ఇంకా కింద గట్టిగ, బూడిద కలిసిన తెలుపు తగిలింది. భూతద్దం పెట్టి చూసిన. గింజ లేదు. గింజ లేదంటే గ్రానైట్ కాదు. అక్కడ ఆగి, ఇంకొంచెం పెద్దగ గీకనియ్యండ్రి అని అడగొచ్చు. అడగలేదు. తలెత్తి చూస్తే అందరు మెడలు చాపి చూస్తున్నరు. పెద్దమ్మ పక్కామె మోచేయి పొడిచి "ఇప్పుడు సూడు" అంటున్నది. నేను సంచిలో చేయి పెట్టి సీసా తీసిన.

ఒక్క చుక్క. బుస్సుమని నురుగు లేచింది. చుక్క కిందికి జారింది, జారిన చోటల్లా కుంకుమ ఎరుపు పోయి పసుపైంది. పసుపుకు సున్నం కలిపితేనే కుంకుమ ఎరుపు ఎక్కుతది, యాసిడ్ తగిలితే ఆ ఎరుపు విరిగిపోతది. అది నాకు తెలుసు. చూస్తున్నోళ్లకు మాత్రం ఊరి బొడ్రాయి మీద కుంకుమ చెదిరిపోవడం కనిపించింది.

"ఏం పోసినవ్ రా?" అన్నడు తాత.

"యాసిడ్ తాత. పల్చటిదే."

దుకాణం మెట్ల మీద ఒక ముసలామె "అయ్యో" అని తన కడుపు మీద చేయి పెట్టుకున్నది, బొడ్డు దగ్గర. ఆ చేయి నాకు ఇప్పటికీ కనిపిస్తది.

అప్పుడైనా తప్పైందని దండం పెట్టి లేస్తే సరిపోయేది. కాని నాకు భయమైతే పాఠం చెప్పే అలవాటున్నది. "ఫికర్ చెయ్యకుండ్రి. రాయికి ఏం కాదు. ఇది సున్నపురాయి, సముద్రంల పుట్టింది. మన ఊరిది కాదు," అన్న.

"మన ఊరిది కాదా?" అని గుంపులోంచి ఎవరో అడిగిండ్రు.

"బొడ్డు మనది కాదంటడేందిర వీడు!"

మా మేనబావ ట్రాక్టర్ మీద కూర్చొని ఉన్నడు. "అయితే మనమందరం సముద్రంలకెళ్లి ఎక్కొచ్చినోళ్లమన్నట్టు. ఇగ ఇయ్యాల్టి సంది చేపలోలె ఈదుకుంట తిరుగుదాం," అన్నడు. కొందరు నవ్విండ్రు. ఎక్కువమంది నవ్వలేదు. ఒకాయన లేచి, సదువుకున్నోడని పిలిస్తే ఊరి బొడ్డు కాల్చిండు అన్నడు.

పెద్దబాపు అందరి నడుమకు వచ్చిండు. యాసిడ్ సంగతి తప్పే, పాలతోని కడిగిస్త అన్నడు. అంతటితో ఆగితే బాగుండు. "రాయి సంగతి మాత్రం పోరడు చెప్పిందే నిజం. ఆడు సదివింది అదే. ఎల్లుండి కాకపోతె మల్ల వారం రాయి బయటికి తీస్తం గద. గుట్ట రాయని తేలితే నేను పీటల మీద కూసోను, సరేనా?"

ఎవరూ ఆయనను ఆ మాట అడగలేదు. పెద్దమ్మను కూడ ఆయన అడగలేదు.

ఆ వారం నాకు ఊర్లో కొత్త పేరు వచ్చింది, యాసిడ్ సారు. ఉద్యోగం నుంచి సెలవు పెట్టి పండుగ పనికి వచ్చిన నాకు ఎవరూ పని చెప్పలేదు. పెద్దమ్మకు మాత్రం రంది లేదు. "నువ్వు తప్పు చెప్తవారా?" అని ఆమే నన్ను ఓదార్చింది.

పండుగకు ముందు ఇండ్లన్నిటికీ సున్నాలు. పెద్దమ్మ ఇంటి ముందు గోడ నేనే వేస్త అని నిచ్చెన వేసుకున్న. దర్వాజ పక్కన ఉన్న దీపం గూడు దగ్గర పాత సున్నం పెచ్చు ఊగుతున్నది. చీపురు తగలగానే ఊడి చేతిలో పడ్డది. మందంగ, గట్టిగ ఉన్నది. ఏటా వేసిన సున్నం ఒకదాని మీద ఒకటి పేరుకొని బండ అయింది. అంచు బూడిద కలిసిన తెలుపు. జేబులోంచి భూతద్దం తీసి చూసిన. గింజ లేదు.

నిచ్చెన మీద అట్లనే ఉండి వరుసగ లెక్కపెట్టుకున్న. సున్నపురాయిని కాలిస్తే సున్నమైతది. సున్నం గోడకెక్కినంక గాలిని పీల్చుకొని మళ్ల మెల్లమెల్లగ రాయి గుణానికే వస్తది. యాసిడ్ వేస్తే సున్నపురాయి లెక్కనే పొంగుతది. మా ఊర్లో ప్రతి పండుగకూ ఇంటికి వేసిన సున్నంలోంచే ఒక చెంబెడు తీసుకపోయి బొడ్రాయికి పూస్తరు, దాని మీద పసుపు కుంకుమ. చిన్నప్పుడు ఆ చెంబు మోసింది నేనే. కిందికి దిగి పెచ్చు మీద ఒక చుక్క వేసిన. బుస్సుమన్నది. నేను ఊరందరి ముందు పరీక్ష చేసింది రాయిని కాదు, ఇంటింటి నుంచి తెచ్చి మేము పూసిన సున్నాన్ని. రాయిని పగలగొట్టి లోపలి ముఖం చూడకుండ దానికి పేరు పెట్టొద్దని మొదటి పాఠంలోనే చెప్తరు. బొడ్రాయిని పగలగొట్టలేం కాబట్టి నేను పేరే పెట్టకుండ ఉండాల్సింది.

సాయంత్రం పెద్దబాపు కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తుంటే పోయి చెప్పిన.

"పెద్దబాపు, నేను తప్పు చెప్పినట్టున్న."

ఆయన గడ్డి మోపు దించి నా మొహం చూసిండు. పెచ్చు చూపించి అంతా చెప్పిన.

"అంటే గుట్ట రాయేనా?"

"అయితదనుకుంటున్న. నేను ఇప్పుడే పోయి తాతకు చెప్త."

"చెప్పి ఏం చేస్తవు? పీటల మీద కూసోనని మాటన్నది నువ్వా?" బర్రె మెడ మీద చేయి వేసిండు. "తీసేనాడు రాయే చెప్తది. నువ్వు మల్లొకసారి నోరు తెరవకు." నేను కదలబోతుంటే మళ్ల పిలిచిండు. "మీ పెద్దమ్మకు చెప్పకు. గప్పటిదాకనన్న ఉండనియ్."

నేను ఇంట్లోకి వచ్చేసరికి పెద్దమ్మ దండెం మీద పసుపు చీర పరిచి మడతలు సరిచేస్తున్నది. "ఫోటో నువ్వే తియ్యాలె బిడ్డ. మీ బావ ఫోన్ల తీస్తె మబ్బుమబ్బు వస్తది. పీటల మీద కూసున్నప్పుడొకటి, బొడ్రాయికి నీళ్లు పోసేటప్పుడొకటి." సరే పెద్దమ్మ అన్న. ఆ రెండు మాటలు అనడానికి గోడ దిక్కు తిరగాల్సి వచ్చింది.

రాయి తీసేనాడు జేసీబీ వద్దన్నరు. గడ్డపారలతో తవ్విండ్రు. పైన కనిపించింది జానెడు కూడ లేదు కాని లోపల నడుమెత్తు రాయి ఉన్నది. తాళ్లు కట్టి పైకి తీసి, ఎడ్లబండి మీద పడుకోబెట్టిండ్రు. ఎక్కడా బీట లేదు. కింది భాగానికి మన్ను గట్టిగ పట్టి ఉన్నది. ఆడోళ్లు బిందెలతో నీళ్లు తెచ్చిండ్రు. ఇత్తడి సామాన్లు తోమినట్టు చింతపండు గుజ్జు, కొబ్బరి పీచు పెట్టి తోమడం మొదలుపెట్టిండ్రు. చింతపండు పులుపు కూడ ఒక రకం యాసిడే. సున్నం కరిగి తెల్లగ కారుతుంటే అది చూస్తూ నిలబడ్డ. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పెద్దమ్మ అందరికంటే ముందు ఉన్నది, మోచేతుల దాక తడిసి. ఆమె తోమిన చోటనే ముందుగ పొర ఊడి, అసలు రాయి బయట పడ్డది. ఆమె కొంగుతో తుడిచి దగ్గరగ వంగి చూసింది. ఆమె మొహంలో వచ్చిన వెలుగు గురించి నేను రాయలేను.

"ఓరి! ఇది మన గుట్ట రాయే గదరా!" నన్నే వెతికి, నా దిక్కే చూసి అన్నది. "సూడు, గులాబి గింజలు. ఇగో గాజు లెక్కటియి. ఇగో అబ్రకం. మెల్లగ సల్లారిన రాయి. నువ్వు చెప్పినవు గద!"

నేను నేర్పిన వరుసలోనే, ఒక్కటి కూడ తప్పకుండ చెప్పింది. కొందరు పెద్దబాపు దిక్కు చూసిండ్రు, కొందరు నా దిక్కు. ఆమె ఆ చూపుల వెంట ఒక్కొక్కరినే చూసుకుంట పోయి పెద్దబాపు దగ్గర ఆగింది. రాయి మీద ఉన్న చేయి మెల్లగ తీసి, తడి కొంగులో తుడుచుకున్నది.

పెద్దబాపు తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నడు. "మంచిగైంది. మన రాయి మనదే అయింది," అని, "పీటల సంగతి తాత, నువ్వు సూడు," అన్నడు. ఇంటికి పోయే తొవ్వ పట్టిండు.

నేను తాత ఇంటికి పోయిన. "తప్పు చెప్పింది నేను తాత. యాసిడ్ పోసింది నేను. వాళ్లను కూసోనియ్యిండ్రి," అన్న.

తాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టిండు. కోపం చేయలేదు. "బిడ్డ, పిల్లలు లేనోళ్లను ఎట్ల కూసోబెడ్తవని ముందే నలుగురు నసిగిండ్రు. నేనే అందరి నోర్లు మూయించిన. ఇప్పుడు ఆ నలుగురి చేతికి నువ్వే మాట ఇస్తివి. నేను ఏం జెప్పి మూయించాలె?"

అప్పటిదాక నా సిగ్గు నా చదువు గురించి, రాయికి తప్పు పేరు పెట్టడం గురించి. తాత మాటతో అది చాలా చిన్న సంగతైపోయింది.

"నిన్ను ఊరు ఏమనదు," అన్నడు తాత మళ్ల. "నువ్వు సోమవారం గండిపేటకు పోతవు."

ప్రతిష్ఠ నాడు ఊరు కట్టిండ్రు. లోపలోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపలికి రావద్దు. దగ్గర్ల ఉన్న చందనవెల్లి కంపెనీల్లో డ్యూటీ ఉన్నోళ్లు ముందే సెలవు పెట్టుకున్నరు. ఊరి అవతల ఫామ్‌హౌసులకు వచ్చిన కార్లు పొలిమేర కాడ కట్టిన వేపకొమ్మల తోరణం దగ్గరనే ఆగి, అద్దాలు దించి, తిరిగిపోయినయి. పెండ్లయి పోయిన ఆడబిడ్డలందరు ముందే వచ్చి ఊర్లోనే ఉన్నరు. మేనబావ పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి వచ్చి గడప బయటనే నిలబడ్డడు.

"అత్తా... కమిటీల ఎవరింట్ల మంచి పీటలు లేవంటున్నరు..."

"తీస్కపో. పసుపు రాసే పెట్టిన," అన్నది పెద్దమ్మ. రెండు పీటలూ ఆమే తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. "కింద పెట్టేటప్పుడు జర పైలం. ఒకదానికి కాలు వదులున్నది."

వాటి మీద వేరే జంట కూర్చున్నది. పెద్దమ్మ పసుపు చీరనే కట్టుకున్నది. నీళ్లు పోసే ఆడోళ్ల వరుసలో, నడుమ ఎక్కడో, బిందె నెత్తిన పెట్టుకొని నిలబడ్డది. పెద్దబాపు మంచినీళ్ల ట్యాంకరు దగ్గర గ్లాసులు అందిస్తున్నడు. నేను గుంపు వెనక నిలబడి ఉంటే, ఆమె వంతు దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరిగి నన్ను పిలిచింది.

"ఫోటో తియ్యవారా?"

తీసిన. కొత్త గద్దె మీద గులాబి రాయి, దాని మీద ఆమె బిందెలోంచి పడుతున్న నీళ్లు, వెనక పీటల మీద ఆ జంట మోకాళ్లు. కొంచెం మబ్బుగనే వచ్చింది. ఆ ఫోటో నా ఫోన్లో ఉన్నది. ఆమె ఇప్పటిదాక చూపించమనలేదు. నేను చూపించలేదు.

గోడ మీద రాళ్లు అట్లనే ఉన్నయి. వాటిని ఆమె తీసేసినా, నాతో మాట్లాడడం మానేసినా నాకు కొంత నయంగ ఉండేది. ఆమె ఏదీ మానలేదు. ఒక్కటి మాత్రం మారింది. పీటలు తిరిగి వచ్చినంక ఒకదాన్ని అటక ఎక్కించింది. రెండోదాన్ని వంటింటి గడప దగ్గర, ఆ తెల్ల మచ్చ మీద వేసింది. ఇంటికి వచ్చినోళ్లకు ఇప్పుడు మచ్చ కనిపించదు. దాని కథ కూడ ఆమె ఎవరికీ చెప్పదు.

ఆదివారం నేను పోతే అన్నం అక్కడనే పెడ్తది. మొదటిసారి పీటను చూసి నేను కింద బండ మీద కూర్చోబోయిన.

"గదేంది? పీట ఉన్నది గద. కూసో," అన్నది.

దాని మీద పసుపు మరకలు ఇంకా పోలేదు. కాలు వదులున్నది అదే. బరువు సగమే వేసి, అంచు మీద కూర్చొని తింట. ఆమె ఎదురుగ కూర్చొని, ఇంకొంచెం పెట్టనా అని అడుగుతది.